‘ఐ థింక్’ తర్వాత ఏం రావాలి: నమ్మకం, అనుమానం చెప్పే ఇంగ్లీషు వాక్యాలు కట్టడం ఎలా

తెలుగులో మన అభిప్రాయం వాక్యం చివర్లో వస్తుంది. ‘వాడు రాడనుకుంటా’ అంటాం. ముందు విషయం చెప్పేసి, ఇది ఖాయం కాదు సుమా అన్న సూచన తోకలో తగిలిస్తాం. ఇంగ్లీషులో ఆ తోక ముందుకొస్తుంది, విషయం దాని వెనక ఒక పూర్తి వాక్యంగా నడుస్తుంది. ఈ తిరగేయడం వరకు స్కూల్లోనే అందరికీ వచ్చేస్తుంది. తప్పులు జరిగేది రెండు ముక్కలూ కలిసే అతుకు దగ్గర. ‘ఐ థింక్ సో హి ఈజ్ నాట్ కమింగ్’, ‘డు యు థింక్ వేర్ హి ఈజ్?’, ‘ఐ యామ్ థింకింగ్ దట్ షి ఈజ్ యాంగ్రీ’ లాంటివన్నీ అక్కడ పుట్టినవే.

కాబట్టి గ్రామర్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేయక్కర్లేదు. మీరు చెప్పబోయే తెలుగు వాక్యాన్ని కాస్త జాగ్రత్తగా చూడటం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఇంగ్లీషు వాక్యాల్ని కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పైకి చదవండి, చెవికి పట్టాలి.

మొదటి పని: మీ తెలుగు వాక్యంలో అతుకు ఏదో చూడండి

రెండు ముక్కల్ని కలుపుతున్నది ‘అని’ నా, ‘ఓ’ నా? ‘మీటింగ్ రద్దయిందని తెలుసు’లో ఉన్నది ‘అని’. ‘మీటింగ్ ఉందో లేదో తెలీదు’, ‘మీటింగ్ ఎక్కడో తెలీదు’ అన్నప్పుడు ఉన్నది ‘ఓ’.

‘అని’ ఉంటే ఇంగ్లీషులో ‘దట్’. అది పైకి కనబడకపోయినా లోపల ఉన్నట్టే లెక్క. ‘ఉందో లేదో’ లాంటి జంట ఉంటే ‘ఇఫ్’ లేదా ‘వెదర్’. ‘ఎక్కడో, ఎప్పుడో, ఎవరో’ ఉంటే ‘వేర్, వెన్, హూ’. పై మూడు వాక్యాలూ ఇలా వస్తాయి: ‘ఐ నో దట్ ద మీటింగ్ ఈజ్ క్యాన్సిల్డ్.’ ‘ఐ డోంట్ నో ఇఫ్ దేర్ ఈజ్ ఎ మీటింగ్.’ ‘ఐ డోంట్ నో వేర్ ద మీటింగ్ ఈజ్.’ చివరిదాంట్లో ‘ఈజ్’ ఆఖరికి పోయింది చూశారా? ‘ఎక్కడ’ అన్న మాట ఉన్నా మొత్తం వాక్యం ప్రశ్న కాదు. అందుకే ‘వేర్ ఈజ్ ద మీటింగ్’ అని తిప్పకూడదు.

ఏ క్రియ ఏ అతుకును ఒప్పుకుంటుందో కూడా తెలియాలి. థింక్, బిలీవ్, సపోజ్, హోప్ తర్వాత ‘ఇఫ్’, ‘వెదర్’ రావు. ‘నో’కి ‘అని’ రకం, ‘ఓ’ రకం రెండూ సరిపోతాయి. ‘వండర్’ అంటే మనసులో ప్రశ్న తిరుగుతోందని, కాబట్టి దానికి ‘ఓ’ రకమే కావాలి: ‘ఐ వండర్ ఇఫ్ హి రిమెంబర్స్ మి.’ నేను అతనికి గుర్తున్నానో లేదో.

ఈ ‘అని’, ‘ఓ’ తేడా అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ‘అనుమానం’ దగ్గర. తెలుగులో రెండు వేర్వేరు సంగతులకు ఈ ఒక్క మాటే వాడతాం. ‘డబ్బు వాడే తీశాడని నా అనుమానం’ అంటే తీశాడనే వైపు మొగ్గుతున్నాం. ‘డబ్బు తిరిగి ఇస్తాడో ఇవ్వడో అనుమానమే’ అంటే ఇవ్వడనే వైపు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేర్వేరు క్రియలున్నాయి. ‘అని’ ఉంటే ‘సస్పెక్ట్’, ‘ఓ’ ఉంటే ‘డౌట్’. ‘ఐ సస్పెక్ట్ హి టుక్ ద మనీ.’ ‘ఐ డౌట్ ఇఫ్ హి విల్ రిటర్న్ ద మనీ.’

తారుమారైతే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. ‘ఐ డౌట్ హి టుక్ ద మనీ’ అని మీరు ఆఫీసులో ఫిర్యాదు మెయిల్ రాశారనుకోండి. చదివినవాళ్లకు అర్థమయ్యేది ‘అతను తీసి ఉండడులెండి’ అని. మీరు వేలెత్తి చూపిద్దామనుకున్న మనిషిని మీరే వెనకేసుకొచ్చినట్టవుతుంది. గ్రామర్ లెక్కన ఆ వాక్యంలో తప్పేమీ లేదు గనుక ఎవరూ దిద్దరు కూడా.

‘డౌట్’ గురించి ఇంకొక్క మాట. మామూలు వాక్యంలో దాని వెనక ‘దట్’, ‘ఇఫ్’, ‘వెదర్’ మూడూ నడుస్తాయి. ‘నాకు అనుమానం లేదు’ అని చెప్పేటప్పుడు మాత్రం ‘దట్’ ఒక్కటే: ‘ఐ డోంట్ డౌట్ దట్ షి ఈజ్ ఆనెస్ట్.’ ఇక అడగాల్సిన సందేహం ఉన్నప్పుడు మనవాళ్లు ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటారు. మన మధ్య అది చెల్లుతుంది. బయటివాళ్లకు మాత్రం మీరు చెప్పింది నాకు నమ్మబుద్ధి కావడం లేదు అన్నట్టు వినిపించొచ్చు. వాళ్లతో ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనడం మంచిది.

రెండో పని: ఎంత గట్టిగా అంటున్నారో తేల్చుకుని క్రియ ఎంచుకోండి

‘థింక్’ అన్నిటికీ సరిపోతుంది, తోచకపోతే అదే వాడండి. ‘బిలీవ్’ అనగానే మనకు ‘నమ్మకం’ గుర్తొచ్చి అదేదో దేవుడి మీదా సిద్ధాంతాల మీదా వాడే బరువైన మాట అనుకుంటాం. వెనక వాక్యం వచ్చినప్పుడు దానికి అంత బరువుండదు. ‘ఐ బిలీవ్ ద లైబ్రరీ ఓపెన్స్ ఎట్ టెన్’ అంటే ‘నాకు తెలిసినంతలో పదింటికి తెరుస్తారు’ అని మర్యాదగా చెప్పడమే. అసలు నమ్మకం చెప్పాలంటే ‘బిలీవ్ ఇన్’ కావాలి. ‘ఐ బిలీవ్ యు’ అంటే ఇప్పుడు నువ్వు చెప్పిన మాట నమ్ముతున్నా. ‘ఐ బిలీవ్ ఇన్ యు’ అంటే నీ మీద నాకు నమ్మకముంది. వెనక పూర్తి వాక్యం వస్తుంటే ఆ ‘ఇన్’ ఉండకూడదు. ‘ఐ బిలీవ్ ఇన్ దట్ హి విల్ విన్’ తప్పు, ‘ఐ బిలీవ్ దట్ హి విల్ విన్’ సరి.

‘సపోజ్’లో ఒక రకమైన నిరుత్సాహం ఉంటుంది. మన ‘లే’, ‘ఏమో’ దానికి దగ్గర. ‘ఐ సపోజ్ హి ఈజ్ రైట్’ అంటే ‘అతను చెప్పిందీ నిజమేలే’ అని అయిష్టంగా ఒప్పుకోవడం. ‘గెస్’ అమెరికా వాళ్ల మాటల్లో ఎక్కువగా వినిపిస్తుంది, వాడుక మాటే గనుక అప్లికేషన్లలో బాగోదు. ‘అస్యూమ్’ అంటే కనుక్కోకుండానే అలా అనుకుని ముందుకెళ్లడం. ‘ఐ అస్యూమ్ యు హావ్ రెడ్ మై మెయిల్’లో చదవలేదేమోనన్న చిన్న దెప్పు వినబడుతుంది, పై అధికారికి రాసేటప్పుడు చూసుకోండి.

‘ఎక్స్‌పెక్ట్’కి రెండు నడకలున్నాయి. ‘ఐ ఎక్స్‌పెక్ట్ హి విల్ బి లేట్’ అంటే ‘ఆలస్యంగానే వస్తాడు, చూస్తుండండి’ అన్న అంచనా. ‘ఐ ఎక్స్‌పెక్ట్ హిమ్ టు బి ఆన్ టైమ్’ అంటే అంచనా కావచ్చు, ‘టైముకి రావాల్సిందే’ అన్న ఆజ్ఞా కావచ్చు. మాట్లాడే మనిషి హోదాను బట్టి ఆజ్ఞగానే ఎక్కువ వినిపిస్తుంది.

‘అనిపిస్తోంది’ అనాలంటే ‘ఐ ఫీల్ దట్’ లేదా ‘ఇట్ సీమ్స్ టు మి దట్’. పాత ఇంగ్లీషులో ‘మీథింక్స్’ అనే మాట ఉండేది, అచ్చంగా మన ‘నాకనిపిస్తోంది’ లాంటిదే. ఇప్పుడు సరదాకి తప్ప ఎవరూ వాడరు. ‘వెళ్లాలనిపిస్తోంది’ మాత్రం వేరు. అది అభిప్రాయం కాదు, కోరిక. అందుకని ‘ఐ ఫీల్ లైక్ గోయింగ్’. ఇక మనవాళ్లకు బాగా ఇష్టమైన ‘అకార్డింగ్ టు మి’ని వదిలేయండి. ‘అకార్డింగ్ టు’ ఇతరులు చెప్పినదాన్ని చెప్పడానికి. మన అభిప్రాయానికి ‘ఐ థింక్’ చాలు, మరీ కావాలంటే ‘ఇన్ మై ఒపీనియన్’.

ఈ వరుసలో ‘నో’ మిగతావాటితో కలవదు. దాని వెనక వచ్చే విషయం నిజమని మీరు సంతకం పెట్టినట్టే. ‘షి డజంట్ నో దట్ హి లెఫ్ట్’ అంటే అతను వెళ్లిపోయాడు, ఆమెకు తెలీదంతే. ‘షి డజంట్ బిలీవ్ దట్ హి లెఫ్ట్’ అంటే వెళ్లాడో లేదో ఈ వాక్యం తేల్చదు. భాషాశాస్త్రంలో ఈ తేడాను బాగా చర్చకు తెచ్చింది పాల్ కిపార్‌స్కీ, కారల్ కిపార్‌స్కీ 1970లో అచ్చువేసిన వ్యాసం. ‘రియలైజ్’, ‘రిగ్రెట్’, ‘ఫర్‌గెట్’ కూడా ఇదే కోవలోవి. ఇంకా రుజువు కాని సంగతి రాసేటప్పుడు వీటి జోలికి పోవద్దు. ‘హి రియలైజ్డ్ దట్ ద కంపెనీ వజ్ చీటింగ్’ అని రాస్తే కంపెనీ మోసం చేసిందని మీరే ఒప్పుకున్నట్టు. ‘హి బిలీవ్డ్ దట్’ అంటే అది అతని అభిప్రాయంగా మిగిలిపోతుంది.

ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. ‘ఐ డోంట్ బిలీవ్ హి వన్’ అంటే అతను గెలిచాడంటే నేను ఒప్పుకోను. ‘ఐ కాంట్ బిలీవ్ హి వన్’ అంటే గెలిచాడు, ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు. ‘డోంట్’కి ‘కాంట్’కి మధ్య ఇంత దూరం. ఎవరికైనా అభినందనలు చెబుతూ మొదటిది వాడారంటే టెన్షన్ తప్పదు.

మూడో పని: ‘ఇంగ్’ తీసేయండి

‘అనుకుంటున్నాను’లో ‘టున్నా’ ఉంది గనుక చెయ్యి దానంతటదే ‘ఐ యామ్ థింకింగ్’ అని రాసేస్తుంది. అభిప్రాయం ఉండటం అనేది ఒక స్థితి, జరుగుతున్న పని కాదు. అందుకే ‘ఐ థింక్ షి ఈజ్ యాంగ్రీ’. నో, బిలీవ్, సపోజ్, డౌట్ కూడా అంతే. ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ బిలీవింగ్’ అని అనరు.

మరి ‘ఐ యామ్ థింకింగ్’ ఎప్పుడు సరి? తెలుగులో ‘దామనుకుంటున్నా’, ‘ఆలోచిస్తున్నా’ అని వచ్చే చోట. ‘ఉద్యోగం మారదామనుకుంటున్నా’ అంటే ‘ఐ యామ్ థింకింగ్ ఆఫ్ చేంజింగ్ మై జాబ్’. ‘అనుకుంటున్నా’ తీసేసి ‘అని నా అభిప్రాయం’ పెట్టి చూడండి. వాక్యం నిలబడితే ‘ఇంగ్’ అక్కర్లేదు. ‘హోప్’కి మినహాయింపు ఉంది. ‘ఐ యామ్ హోపింగ్ యు కెన్ హెల్ప్ మి’ అని సాయం అడగడం మర్యాదగానే ఉంటుంది.

నాలుగో పని: ‘కాదు, లేదు, రాదు’ను ముందుకు తోయండి

మన ఇంగ్లీషు మనదని పట్టిచ్చేది ఎక్కువగా ఇదే. ‘ఈ పని ఇవాళ అవదనుకుంటా’లో కాదనడం లోపలి వాక్యంలో ఉంది. ‘అనుకుంటా’ హాయిగా అవుననే చెబుతోంది. దాన్ని ఉన్నదున్నట్టు మార్చి ‘ఐ థింక్ ఇట్ విల్ నాట్ బి డన్ టుడే’ అంటాం. గ్రామర్ ప్రకారం తప్పు లేదు గానీ, వినేవాళ్లకు మీరు బల్ల గుద్ది చెబుతున్నట్టుంటుంది. ఇంగ్లీషు వాడుకలో ఆ ‘నాట్’ ముందుకు జరిగి ‘థింక్’ని పట్టుకుంటుంది: ‘ఐ డోంట్ థింక్ ఇట్ విల్ బి డన్ టుడే.’

పదాల్ని పట్టి చూస్తే దీని అర్థం ‘అవుతుందన్న ఆలోచన నాకు లేదు’ అని మాత్రమే. కానీ ‘అవదనుకుంటా’ అనే అందరూ వింటారు. డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ 1917లోనే ఈ అలవాటును గుర్తించి రాశారు. తెలుగులోనూ ‘అవుతుందని నేననుకోను’ అనొచ్చు, కాకపోతే అందులో కాస్త పట్టుదల ధ్వనిస్తుంది. ఇంగ్లీషులో దానికి ఆ పట్టుదల లేదు. అక్కడ అదే మెత్తటి మాట, మనం రాసేదే గట్టిది.

ఈ జరగడం అన్ని క్రియలకూ కుదరదు. థింక్, బిలీవ్, సపోజ్, ఇమాజిన్, ఎక్స్‌పెక్ట్ ఒప్పుకుంటాయి. హోప్, నో, అస్యూమ్, సస్పెక్ట్ ఒప్పుకోవు. ‘వాన పడదని ఆశిస్తున్నా’కి ‘ఐ హోప్ ఇట్ డజంట్ రెయిన్’ అనే అనాలి, ‘ఐ డోంట్ హోప్ ఇట్ రెయిన్స్’ అనే వాక్యం వాడుకలో లేదు. ‘నో’తో జరిపితే సంగతే మారిపోతుంది. ‘ఐ న్యూ హి వజ్ నాట్ ఎట్ హోమ్’ అంటే ఇంట్లో లేడని నాకు తెలుసు. ‘ఐ డిడంట్ నో హి వజ్ ఎట్ హోమ్’ అంటే ఇంట్లో ఉన్నాడు, నాకే తెలీలేదు.

జరిపాక మూడు చిన్న పనులు మిగులుతాయి. లోపలి ‘నాట్’ తీసేశారో లేదో చూసుకోండి. ‘ఐ డోంట్ థింక్ హి వోంట్ కమ్’ అని రెండూ ఉంచితే రెండు కాదులు కలిసి అవునైపోతుంది. తర్వాత, లోపల ‘నోబడీ’, ‘నథింగ్’, ‘నెవర్’ ఉంటే వాటిని ‘ఎనీబడీ’, ‘ఎనీథింగ్’, ‘ఎవర్’గా మార్చండి. ‘మనల్ని ఎవరూ చూళ్లేదనుకుంటా’: ‘ఐ డోంట్ థింక్ ఎనీబడీ సా అస్.’ మూడోది, చివర్లో ‘కదా’ లాంటి తోక ప్రశ్న పెడితే అది ‘ఐ థింక్’ వెంట పోదు, లోపలి వాక్యం వెంటే పోతుంది, పైగా ముందుకు జరిగిన ‘నాట్’ని ఇంకా లోపలే ఉన్నట్టు లెక్కేస్తుంది: ‘ఐ డోంట్ థింక్ హి ఈజ్ కమింగ్, ఈజ్ హి?’ ఇక్కడ ‘డు ఐ?’ అని ఎవరూ అడగరు. అదే వేరే మనిషి అభిప్రాయం అయితే తోక అతన్నే పట్టుకుంటుంది: ‘హి థింక్స్ ఇట్స్ ఈజీ, డజంట్ హి?’

‘ఇంపాజిబుల్’, ‘అన్‌ఫెయిర్’ లాంటి మాటల్లో కాదనడం మాటలోనే కలిసిపోయింది కాబట్టి వాటిని కదపక్కర్లేదు. ‘ఐ థింక్ ఇట్స్ అన్‌ఫెయిర్’ చక్కగా ఉంటుంది. నిజంగానే బల్ల గుద్ది చెప్పాల్సి వస్తే ‘నాట్’ని లోపల ఉంచడమూ ఒక ఎత్తుగడే.

ఐదో పని: ‘దట్’ ఉంచాలా, తీసేయాలా?

మాటల్లో థింక్, సపోజ్, గెస్, హోప్, నో తర్వాత తీసేస్తారు. ప్రతిచోటా పలికితే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. ‘ద బిలీఫ్ దట్’ లాంటి నామవాచకం తర్వాతా, ‘ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్’ లాంటి చోటా ఉంచండి. క్రియకూ లోపలి వాక్యానికీ మధ్య ఏదైనా మాట దూరినప్పుడు కూడా అంతే. ముందర కామా మాత్రం ఎప్పుడూ వద్దు.

రాతలో ఒక చోట ‘దట్’ తప్పకుండా ఆదుకుంటుంది. ‘హి బిలీవ్డ్ ద మేనేజర్ వజ్ లైయింగ్’ అన్న వాక్యాన్ని ఎడమ నుంచి చదువుకుంటూ రండి. ‘హి బిలీవ్డ్ ద మేనేజర్’ దాకా వచ్చేసరికి మేనేజర్ మాట నమ్మాడనిపిస్తుంది. ఇంకో రెండు మాటలకు అంతా తలకిందులై, మేనేజర్ అబద్ధమాడుతున్నాడని నమ్మాడని తేలుతుంది. ‘హి బిలీవ్డ్ దట్ ద మేనేజర్’ అని రాస్తే ఆ తడబాటు ఉండదు.

ఆరో పని: ‘అనుకున్నా’ అయితే లోపలి వాక్యాన్నీ వెనక్కి లాగండి

‘మీరు ఊళ్లో లేరనుకున్నా’. తెలుగులో ‘లేరు’ అలాగే ఉంటుంది, కాలం సంగతి ‘అనుకున్నా’ చూసుకుంటుంది. ఇంగ్లీషులో రెండూ కలిసి వెనక్కి పోతాయి: ‘ఐ థాట్ యు వర్ ఔట్ ఆఫ్ టౌన్.’ ‘విల్’ ఉంటే ‘వుడ్’, ‘హాజ్ కమ్’ ఉంటే ‘హ్యాడ్ కమ్’. ‘ఐ థాట్ హి విల్ కమ్’ అనే వాక్యం మన నోట ఎక్కువగా వస్తుంది, ‘ఐ థాట్ హి వుడ్ కమ్’ అని అలవాటు చేసుకోండి.

‘ఐ థాట్’లో తరచుగా ‘కానీ అలా జరగలేదు’ అన్న ధ్వని ఉంటుంది. తెలుగులో ‘వస్తాడనుకున్నా’ని రెండు రకాలుగా అంటాం. రాకపోతే నిట్టూర్పుతో, వస్తే ‘నే చెప్పలా’ అన్న ధీమాతో. ఆ రెండోదానికి ఇంగ్లీషులో ‘ఐ న్యూ హి వుడ్ కమ్’ అంటారు. చెడు జరుగుతుందని ముందే ఊహించి ఉంటే ‘ఐ థాట్ యాజ్ మచ్’.

‘విష్’ వెనక కూడా కాలం వెనక్కి పోతుంది, ఇప్పటి సంగతి చెబుతున్నా సరే. ‘నాకు తెలిస్తే బాగుండు’: ‘ఐ విష్ ఐ న్యూ.’ తెలీదు, అందుకే ఆ మాట. జరగొచ్చు అని ఆశ ఉన్నచోట ‘హోప్’ వాడాలి. పరీక్షకు వెళ్లే పిల్లలకు ‘ఐ విష్ యు విల్ పాస్’ అని మెసేజ్ పెట్టకండి, ‘ఐ హోప్ యు పాస్’ అనండి. ‘ఐ విష్ యు సక్సెస్’ సరైనదే, అక్కడ వెనకొచ్చింది వాక్యం కాదు, ఒక్క మాట.

ఏడో పని: ప్రశ్న వేసేటప్పుడు అతుకును మళ్లీ చూడండి

‘అతనెక్కడున్నాడో తెలుసా?’ ఇక్కడ ‘ఓ’ ఉంది, చివర్లో ‘సా’ అని సాగదీసి అడుగుతున్నాం. జవాబు తెలుసు అనో తెలీదు అనో వస్తుంది. ఇంగ్లీషులో ‘వేర్’ లోపలే ఉంటుంది: ‘డు యు నో వేర్ హి ఈజ్?’

‘అతనెక్కడున్నాడనుకుంటున్నారు?’ ఇక్కడ ఉన్నది ‘అని’. దీనికి అవును, కాదు అని జవాబివ్వలేం, చోటు పేరు చెప్పాలి. ఇలాంటప్పుడు ప్రశ్నపదం ఎగిరి వాక్యం మొదట్లో కూర్చుంటుంది: ‘వేర్ డు యు థింక్ హి ఈజ్?’ కట్టే పద్ధతి తేలిక. ముందు ప్రశ్నపదం పెట్టండి, దాని పక్కన ‘డు యు థింక్’ చేర్చండి, మిగతాది మామూలు వాక్యంలా నడిపించండి. ‘వెన్ డు యు థింక్ దే విల్ కాల్?’, ‘వై డు యు థింక్ షి లెఫ్ట్?’ ‘డు యు థింక్ వేర్ హి ఈజ్’ అని మొదలుపెడితే వినేవాళ్లు ఆగిపోతారు.

‘దీన్ని ఎవరు విరగ్గొట్టారనుకుంటున్నారు?’ అన్నచోట ‘ఎవరు’ లోపలి వాక్యానికి కర్త. అక్కడ ‘దట్’ అస్సలు పనికిరాదు: ‘హూ డు యు థింక్ బ్రోక్ ఇట్?’ ఇక ఒట్టి ‘మీరేమంటారు?’ అనడానికి ‘వాట్ డు యు థింక్?’. ‘హౌ డు యు థింక్’ అంటే ఏ పద్ధతిలో ఆలోచిస్తారని అడిగినట్టు.

ఎనిమిదో పని: ఒక్క ముక్కలో జవాబు

‘వస్తాడా?’ అంటే ‘ఐ థింక్ సో’. ఆ ‘సో’ మొత్తం వాక్యానికి బదులుగా వచ్చింది. కాబట్టి ‘సో’ అన్నాక మళ్లీ వాక్యం రాకూడదు. ‘ఐ థింక్ సో హి విల్ కమ్’, ‘ఐ హోప్ సో యు ఆర్ వెల్’ రెండూ ఇలా తప్పే. సో అయినా ఉండాలి, వాక్యమైనా ఉండాలి.

కాదనడానికి నాలుగో పనిలో చెప్పిన లెక్కే. థింక్‌కి ‘ఐ డోంట్ థింక్ సో’. హోప్‌కి ‘ఐ హోప్ నాట్’, గెస్‌కి ‘ఐ గెస్ నాట్’. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న కబురైతే ‘ఐ యామ్ అఫ్రెయిడ్ సో’, ‘ఐ యామ్ అఫ్రెయిడ్ నాట్’. డౌట్‌కి సో లేదు, ‘ఐ డౌట్ ఇట్’ అంటే చాలు, దానర్థం ‘కష్టమే’ అని.

వార్తల్లో కనిపించే ‘హి ఈజ్ బిలీవ్డ్ టు హావ్ లెఫ్ట్ ద కంట్రీ’ లాంటివి రాయాల్సిన అవసరం మనకు తక్కువ, చదివి అర్థం చేసుకుంటే చాలు. నమ్మేదెవరో చెప్పకుండా ‘దేశం విడిచి వెళ్లాడని భావిస్తున్నారు’ అనడం. పని ముందే జరిగిపోయింది గనుక ‘టు హావ్ లెఫ్ట్’. ఇంకా జరుగుతూనే ఉంటే ‘టు బి హైడింగ్’.

ఇప్పుడు ఒక మెసేజ్ మొత్తం కట్టి చూద్దాం

‘రిపోర్ట్ ఇవాళ అవదనుకుంటున్నా. సరైన ఫైల్ పంపారనుకున్నా, కానీ అందులో తేదీలు తప్పు. ఆ ఫైల్ ఎప్పటిదో తెలీదు. పాతదే మళ్లీ పంపారని నా అనుమానం. రేపటికి అవుతుందని ఆశిస్తున్నా.’

మాటకు మాట పెట్టుకుంటూ పోతే ఇలా తయారవుతుంది: ‘ఐ యామ్ థింకింగ్ ద రిపోర్ట్ విల్ నాట్ బి రెడీ టుడే. ఐ థాట్ దే హావ్ సెంట్ ద రైట్ ఫైల్, బట్ ద డేట్స్ ఆర్ రాంగ్. ఐ డోంట్ నో హౌ ఓల్డ్ ఈజ్ ఇట్. ఐ డౌట్ దే సెంట్ ద ఓల్డ్ వన్ ఎగైన్. ఐ విష్ ఇట్ విల్ బి రెడీ బై టుమారో.’

ఒక్కో వాక్యాన్నీ పట్టుకోండి. మొదటిదాంట్లో ‘ఇంగ్’ పోవాలి, ‘నాట్’ ముందుకు రావాలి: ‘ఐ డోంట్ థింక్ ద రిపోర్ట్ విల్ బి రెడీ టుడే.’ రెండోదాంట్లో ‘హావ్ సెంట్’ వెనక్కి పోయి ‘హ్యాడ్ సెంట్’ అవుతుంది. ‘డేట్స్ ఆర్ రాంగ్’ను కదపకండి, అది అనుకున్నది కాదు, ఇప్పుడు కళ్లెదుట ఉన్నది. మూడోది ‘ఓ’ రకం, కాబట్టి ‘హౌ ఓల్డ్ ఇట్ ఈజ్’. నాలుగోదాంట్లో ‘అని’ అనుమానం: ‘ఐ సస్పెక్ట్ దే సెంట్ ద ఓల్డ్ వన్ ఎగైన్.’ దిద్దకుండా పంపి ఉంటే, పాత ఫైల్ పంపి ఉండరులే అని మీరే చెప్పినట్టయ్యేది. అయిదోదాంట్లో ‘విష్’ తీసి ‘హోప్’ పెట్టండి.

దీనికి అవతలి నుంచి ‘సో టుమారో ఈజ్ సర్టన్?’ అని జవాబొస్తే, మీ ధైర్యాన్ని బట్టి ఎంచుకోండి. పని చేతిలో ఉంటే ‘యెస్, ఇట్ ఈజ్’. దాదాపు ఖాయమైతే ‘ఐ థింక్ సో’. కొత్త ఫైల్ వస్తేగానీ చెప్పలేమంటే ‘ఐ హోప్ సో’ అని ఊరుకోకుండా పక్కనే ‘ఇఫ్ ద న్యూ ఫైల్ కమ్స్ టుడే’ అని కూడా రాయండి, లేకపోతే రేపు మిమ్మల్నే అడుగుతారు.